ఎల్‌రాయ్ కుబేనా నాలుక

ఎల్‌రాయ్ కుబేనా రీళ్లను నాకుతాడు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. చెప్పకపోతే, రాక్‌పోర్ట్ రేవులో యోలండా ట్రెవీన్యో ఎరల కొట్టుకి మొదటిసారి వచ్చి, ఆ దృశ్యం చూసి, కాఫీ చొక్కా మీద ఒలకబోసుకున్నవాళ్ల జాబితాలో మీరూ చేరతారు.

అతను గేలం దారం చుట్టుకునే రీళ్లు బాగుచేస్తాడు. గేలం కర్రకి అతుక్కున్నట్టు కూర్చునే పొట్టి రీళ్లు, అరచేతిలో ఇమిడిపోయేవి. ఆ టెక్సస్ తీరంలో నడుం లోతు ఉప్పునీళ్లలో నిలబడి చేపలు పట్టేవాళ్లందరి చేతుల్లోనూ అవే ఉంటాయి. ఎవరైనా ఒక రీలు తెచ్చి బల్ల మీద పెట్టారనుకోండి. ఎల్‌రాయ్ ముందు కళ్లద్దాలు తుడుచుకుంటాడు. రీలును చెవి దగ్గర పెట్టుకుని పిడి ఒక చుట్టు తిప్పి, డాక్టరు దగ్గు విన్నట్టు వింటాడు. ఆ తర్వాత, ఎదురుగా పెద్దమనుషులున్నారనీ ఆడవాళ్లున్నారనీ చూడకుండా, నాలుక చాపి మూడు చోట్ల నాకుతాడు. కర్రకి ఆనే పాదం కింద ఒకసారి, పిడి మొదట్లో ఒకసారి, దారాన్ని అటూ ఇటూ పరిచే మర దగ్గర ఒకసారి. కళ్లు మూసుకుంటాడు. కొట్లో అందరూ ఊపిరి బిగబట్టి చూస్తారు.

"ఉప్పు," అంటాడు.

ఆ మాట మామూలుగా అనడు. మంచం కింద దొంగ దొరికినట్టు అంటాడు. అక్కణ్నుంచి ఆ రీలు తాలూకు మనిషికి మూడినట్టే.

ఒకసారి శాన్ ఆంటోనియో నుంచి ఒక పళ్ల డాక్టరు వచ్చాడు. మంచి ఖరీదైన రీలు, కొని నాలుగు నెలలు కాలేదు, తిప్పితే తిరగలి చప్పుడు చేస్తోంది.

"ఎప్పుడు కడిగావు నాయనా?" అన్నాడు ఎల్‌రాయ్, నాలుక లోపలికి తీసుకుని.

"ప్రతిసారీ కడుగుతానండీ. పడవ దిగీ దిగగానే."

"దేంతో?"

"పైపుతో. కారు కడిగే పైపుతో, గట్టి ధార పెట్టి. ఒక్క రవ్వ కూడా మిగలకుండా."

ఎల్‌రాయ్ కాసేపు పైకప్పు వైపు చూశాడు. "ఒకడి పంటి సందులో మెతుకు ఇరుక్కుంటే నువ్వేం చేస్తావు? సుత్తి పెట్టి లోపలికి దిగ్గొడతావా?"

"దిగ్గొట్టనండీ."

"మరి దీన్నేం చేశావు? పాపం ఉప్పు పైపైన కూర్చుని ఉంది. నువ్వు గట్టి ధార పెట్టి దాన్ని తోసుకుంటూ తీసుకెళ్లి బేరింగుల్లో కాపురం పెట్టించావు. అసలు కడగని వెధవ ఎవడో ఉన్నాడే, వాడి రీలు నీదానికంటే ఏడాది ఎక్కువ బతుకుతుంది. వాడికి బద్ధకం. నీది శ్రద్ధ. శ్రద్ధతో చంపావు దీన్ని."

ఆ తీరంలో అందరూ చేసే తప్పు అదే. శ్రద్ధ ఎక్కువైనవాళ్లే రీళ్లని ఎక్కువ పాడుచేస్తారు. ఎల్‌రాయ్ దానికి విధానం చెబుతాడు, చెప్పించుకుంటాడు కూడా. చేప లాగితే దారం వదిలే పట్టు మర ఒకటుంటుంది కదా, కడిగే ముందు దాన్ని బిగించాలి, లేకపోతే నీళ్లు లోపలి బిళ్లల్లోకి దిగుతాయి. చుక్క సబ్బు కలిపిన నీళ్లు వాన తుంపర పడ్డట్టు చల్లాలి. విదిలించాలి. మెత్తటి గుడ్డతో తుడవాలి. పడుకునే ముందు ఆ మర మళ్లీ వదులు చేయాలి. ఈ ఐదూ వరసగా అప్పజెప్పనిదే రీలు చేతికివ్వడు. పళ్ల డాక్టరు మూడోది మర్చిపోయి రెండుసార్లు మొదటినుంచీ చెప్పాడు. బయటికి వెళ్తూ, డాక్టరు చదువులో కూడా తనని ఎవరూ ఇంత అడగలేదన్నాడు.

ఇదంతా యోలండాకి ఎలా ఉంటుందో ఒకసారి ఆలోచించండి. కొట్టు ఆవిడది. బతికున్న రొయ్యల తొట్టి ఆవిడది. ముందు గాజు పెట్టెలో వేడివేడిగా పెట్టి అమ్మే తమాలేలు ఆవిడ స్వయంగా మొక్కజొన్న పిండి కలిపి, పొత్తి ఆకుల్లో చుట్టి, తెల్లారగట్ల ఆవిరి పెట్టినవి. వాటికి సరిగ్గా పది అడుగుల దూరంలో ఒక అరవై తొమ్మిదేళ్ల పెద్దమనిషి కూర్చుని, నిన్న ఎవడి జేబులో తిరిగిందో, ఏ చేప రక్తం అంటిందో తెలియని ఇనపముక్కల్ని నాకుతూ ఉంటాడు.

"తిండి అమ్మే చోటయ్యా ఇది," అంటుంది యోలండా.

"అందుకే కదా నోరు అంత శుభ్రంగా పెట్టుకుంటున్నాను," అంటాడు ఎల్‌రాయ్.

నిజమే, శుభ్రంగానే పెట్టుకుంటాడు. నాలుక పనిముట్టు కాబట్టి సాయంత్రం ఐదింటి దాకా ఉప్పు ముట్టడు. మధ్యాహ్నం తిండి ఉప్పు వేయని రెండు ఉడికిన గుడ్లు, చప్పిడి బిస్కెట్లు, గ్లాసుడు నీళ్లు. రీలుకీ రీలుకీ మధ్య ఒక చప్పిడి బిస్కెట్టు కొరికి నోరు కడుక్కుంటాడు. వీధి చివర ఫలహారశాలలో ఒకసారి గుడ్డు మీద ఉప్పు చల్లారని, తన ఉద్యోగం తీసేశారన్నంత గొడవ చేశాడు. యోలండా తమాలేలు ఎంత బాగుంటాయో ఊరంతా చెబుతుంది. ఎల్‌రాయ్ మాత్రం వాటిని ఐదు గంటలు దాటి ఒక నిమిషం అయ్యాక తింటాడు, చల్లారిపోయాక. అదీ ఆవిడకి ఒళ్లుమంటే.

అసలు అతను అక్కడికి వచ్చింది ఒక్క వారానికి. కార్పస్ క్రిస్టీలో ఒక కర్మాగారంలో కొలత పరికరాలు సరిచూసే ఉద్యోగం చేసి పదవీ విరమణ తీసుకున్నాడు. ఆ ఏడు పెద్ద తుఫాను వచ్చి ఊరిని ముంచేసింది. ప్రతి ఇంట్లోనూ గేలాలు ఉప్పునీళ్లలో నానాయి. ఎల్‌రాయ్ ఒక మడత బల్లా, చిన్న చిన్న స్క్రూడ్రైవర్లున్న పెట్టే చంకన పెట్టుకుని వచ్చి, "అమ్మాయ్, ఈ మూల ఒక్క వారం కూర్చుంటాను," అన్నాడు. తొమ్మిదేళ్లయింది. ఆ బల్ల మళ్లీ మడవలేదు.

పోనీ కూర్చుని తన పని తను చూసుకుంటాడా? యోలండా అమ్ముకునే కొత్త రీళ్ల జోలికి కూడా వస్తాడు. ఒకాయన గోడ మీది పెట్టె చూపించి, "దీని మీద సముద్రానికి పనికొస్తుందని రాసుంది, ఇవ్వండమ్మా," అన్నాడు. యోలండా ఇంకా చెయ్యి చాపకముందే మూలనుంచి గొంతు వినబడింది.

"రాసింది ఎవరు? సముద్రమా?"

"ఎల్‌రాయ్, నువ్వు నోరుమూసుకుంటావా," అంది యోలండా.

అతను మూసుకోలేదు. లేచి వచ్చి, పెట్టె విప్పి, రీలు పక్కమూత తీసి, ఆ మనిషికి చూపించాడు. "పైన చూడు, తళతళా ఉంది. చట్రం తేలిక లోహం. దీని మీద రంగు గీసుకుపోయిందంటే ఉప్పు తగిలి పొక్కులు లేస్తుంది. లోపల ఆరు బేరింగులుంటే రెండే తుప్పు పట్టనివి, అవీ నీకు కనపడేచోట పెట్టారు. చెరువులో పెద్దమనిషిలా బతుకుతుంది ఇది. సముద్రంలో ఒక్క వేసవి. చూపుతావా నాకు, ఇందులో సముద్రానికి పనికొచ్చేది ఎక్కడుందో? పెట్టె. పెట్టె ఒక్కటే పనికొస్తుంది. నీళ్ల మీద తేలుతుంది."

ఆయన కొనలేదు. ఎల్‌రాయ్ చూపించిన, అందవికారంగా ఉండే పాత నమూనా ఒకటి సగం ధరకి కొనుక్కుని, ఎల్‌రాయ్‌కి దణ్ణం పెట్టి వెళ్లాడు. యోలండాకి పెట్టలేదు.

ఇంకొక గొప్పతనం ఉంది అతని నాలుకకి. ఉప్పుని బట్టి ఏ అఖాతమో చెప్పేస్తుంది. కొపానో అఖాతంలో ఏరు కలుస్తుంది, నీళ్లు పలుచన. దక్షిణాన బ్యాఫిన్ అఖాతం నీళ్లు సముద్రం కంటే ఉప్పగా ఉంటాయి. కిందటి నెలలో ఒకాయన భార్యతో కలిసి వచ్చి రీలు ఇచ్చాడు. ఎల్‌రాయ్ నాకి, కళ్లు మూసుకుని, ఎంతో ఆనందంగా, "బ్యాఫిన్. మొన్న ఆదివారం నాటిది," అన్నాడు.

"ఆదివారం మీరు మా అన్నయ్య ఇంటి కప్పు వేయడానికి వెళ్లారు కదా," అంది ఆ భార్య.

ఆ తర్వాత ఆ కొట్లో జరిగింది రాయడం మర్యాద కాదు. రొయ్యల తొట్టి మూత మాత్రం కొత్తది వేయించుకోవాల్సి వచ్చింది.

ఇవన్నీ యోలండా భరించింది. కడుపు మండుతున్నా భరించింది. ఆవిడ భరించలేకపోయింది ఒక్కటే, అతను డబ్ లాహన్‌ని తిట్టడం.

కెప్టెన్ డబ్‌కి డెబ్బై నాలుగేళ్లు. ఊరికి చేపలవేటకి వచ్చేవాళ్లని నలభై రెండేళ్లుగా తన పడవలో ఎక్కించుకుని, చేపలెక్కడున్నాయో చూపించి, గేలం ఎలా విసరాలో నేర్పే మనిషి. ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. యోలండా పెళ్లికి తన పడవకి పూలు కట్టి ఊరేగించినవాడు. భార్య పోయాక ఆయనకి ఆ పడవా, పడవెక్కే కొత్త మనుషులూ తప్ప వేరే లోకం లేదు. రెండేళ్లుగా ప్రతి గురువారం పొద్దున్నే వచ్చి తన ఒకే ఒక పాత రీలును ఎల్‌రాయ్ బల్ల మీద పెడతాడు. శుక్రవారం వచ్చి తీసుకెళ్తాడు. ఆయనకిష్టమైన రీలు అది, ఇంకోటి పట్టుకోడు.

ఎల్‌రాయ్ నాకుతాడు. కళ్లు మూసుకుంటాడు.

"ఉప్పు. ఘోరం. ఏమోయ్ డబ్, దీన్ని కడిగావా, పచ్చడి పెట్టావా?"

"కడిగాననే అనుకున్నా ఎల్‌రాయ్."

"అనుకోవడం కాదు. నలభై ఏళ్లు సముద్రం మీద బతికి రీలు కడగడం రాదా నీకు? ఇలా ఉంటే దారం ఎక్కడ సాఫీగా పోతుంది? విసిరిన ప్రతిసారీ ఉండ చుట్టుకుపోక ఏంచేస్తుంది? ఎవడిదీ తప్పు? నీది. నీ కడుగుడుది."

కొట్లో ఎవరుంటే వాళ్ల ముందే అంటాడు. పడవెక్కడానికొచ్చిన కొత్తవాళ్లుంటే ఇంకాస్త గొంతు పెంచి అంటాడు. డబ్ తల దించుకుని వింటాడు. అక్కడితో ఆగదు. ఎల్‌రాయ్ లేచి వెళ్లి, ఆయనకి కాఫీ సగం కప్పే పోసిస్తాడు. "రీలు కడగనివాడికి సగమే," అంటాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. డబ్ కూడా నవ్వి, కప్పు రెండు చేతుల్తో పట్టుకుని తాగి వెళ్లిపోతాడు.

ఒక గురువారం యోలండాకి చిర్రెత్తుకొచ్చింది. ఎల్‌రాయ్ చేతిలోంచి కాఫీ లాక్కుని, కప్పు అంచు దాకా పోసి డబ్ ముందు పెట్టింది. "తాగండి కెప్టెన్. ఇది నా కొట్టు, నా కాఫీ," అంది. డబ్ ఆ కప్పు వైపు చూశాడు, చాలా థాంక్స్ అమ్మా అన్నాడు, ముట్టుకోకుండానే వెళ్లిపోయాడు. అంత పెద్దమనిషి మనసు ఎంత నొచ్చుకుంటే కాఫీ కూడా తాగబుద్ధి కాలేదో అని యోలండా ఆ రోజంతా ఉడికిపోయింది.

"ఊరందరినీ అను," అంది ఎల్‌రాయ్‌తో. "నన్నను. రోములో పోప్‌గారిని అను. ఆయన్ని అనకు."

"ఉప్పు ఉంటే ఉప్పనే అంటాను," అన్నాడు ఎల్‌రాయ్, బిస్కెట్టు కొరుకుతూ.

ఆ తర్వాతి వారమే హ్యూస్టన్ నుంచి ఒక రీళ్ల కంపెనీ తరఫున బ్రాడీ స్టెగల్ అనే కుర్ర ఉద్యోగి వచ్చాడు. కొట్లో తమ సర్వీసు బల్ల పెడతామన్నాడు. చెవులకి వినపడని మోతతో మురికి వదిలించే తొట్టి ఉంటుందట, భూతద్దం ఉంటుందట, ఉప్పుని కొలిచే సూది ఉంటుందట. శుభ్రమైన నీటిచుక్క ఒకటి రీలు మీద వేసి, చుక్కలో సూది ముంచితే చాలు, అంకె చెబుతుంది.

"అంటే ఎవరూ నాలుకతో నాకనక్కర్లేదా?" అంది యోలండా.

బ్రాడీ ఏదో తప్పుగా విన్నాననుకుని మళ్లీ చెప్పమన్నాడు.

ఆవిడ సరేనంది. శుక్రవారం పొద్దున్న ఏడింటికి ఎల్‌రాయ్ బల్ల ముందు నిలబడి, రాత్రంతా మనసులో కూర్చుకున్నదంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. తమాలేల సంగతి, బ్యాఫిన్ సంగతి, కొత్త పెట్టె సంగతి, అన్నిటికీ మించి డబ్ సంగతి. "ఒక్క వారమన్నావు. తొమ్మిదేళ్లు ఊరుకున్నాను. ఆ ముసలాయన్ని వారం వారం నలుగురిలో చిన్నబుచ్చే మనిషి నా కొట్లో ఇంక ఒక్కరోజు కూడా వద్దు. బల్ల మడిచెయ్."

ఎల్‌రాయ్ ఏదో అంటాడనుకుంది. అరుస్తాడనుకుంది. అతను లేచి, మెల్లగా అరల దగ్గరికి వెళ్లి, ఉప్పు చల్లిన ఆలూ చిప్సు పొట్లం ఒకటి తీసి, బల్ల దగ్గర కూర్చుని, చింపి, తినడం మొదలుపెట్టాడు. పొద్దున్న ఏడున్నరకి. తొమ్మిదేళ్లలో మొదటిసారి. ఆ కరకరలు వింటుంటే యోలండాకి ఎవరో కొట్టు సామాను బయటికి విసిరేస్తున్నట్టనిపించింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

ఎనిమిదింటికి బ్రాడీ తన పరికరాలతో దిగాడు. తన పరికరం ఎలా పనిచేస్తుందో చూపిద్దామని, ఎల్‌రాయ్ అరలో చీటీలు కట్టి ఉన్న రీళ్లు మూడు తీసుకున్నాడు. మొదటిదాని చీటీ మీద 'ఉప్పు, కొద్దిగా' అని ఉంది. చుక్క వేసి సూది ముంచాడు. అంకె కొద్దిగానే చూపించింది. రెండోదాని మీద 'ఉప్పు, బ్యాఫిన్' అని ఉంది. అంకె గిర్రున పైకెక్కింది. బ్రాడీ కనుబొమలెగరేసి ఎల్‌రాయ్ వైపు కొత్త గౌరవంతో చూశాడు. మూడోది అందుకున్నాడు.

ఎల్‌రాయ్ నమలడం ఆపాడు. "అది వద్దు బాబూ. అది నేను చూసేశాను."

"చూడనీ," అంది యోలండా. చీటీ మీద డబ్ పేరుంది. 'ఉప్పు. ఘోరం.'

బ్రాడీ చుక్క వేశాడు. అంకె సున్నా దగ్గర్నుంచి కదల్లేదు. ఇంకోచోట వేశాడు. కదల్లేదు. మూడో చోట కూడా చూసి, "అమ్మా, ఇందులో ఉప్పు లేదు. అసలు లేదు. నేను ఇంత శుభ్రంగా ఉన్న పాత రీలు చూడలేదు," అన్నాడు.

యోలండా కోపం నషాళానికెక్కింది. ఇన్నాళ్లూ ఆ నాలుకని భరించింది ఎందుకు? కనీసం అది నిజం చెబుతుందని. "అబద్ధమా?" అంది. "రెండేళ్లుగా ఆయన్ని తిట్టింది ఉత్తి అబద్ధానికా? ఏం చేశాడయ్యా నిన్నాయన?"

ఎల్‌రాయ్ చిప్సు పొట్లంలోకి చూశాడు. మాటకి మాట అప్పజెప్పని ఎల్‌రాయ్‌ని ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

ఈలోపు బ్రాడీ కుతూహలం కొద్దీ రీలు పక్కమూత విప్పాడు. "ఇదేం విడ్డూరం," అన్నాడు. "దారపు చక్రం జోరు తగ్గించి, దారం ఉండ చుట్టుకోకుండా చూడటానికి ఇక్కడ ఆరు బ్రేకు ముక్కలుంటాయమ్మా. చెయ్యి తిరిగినవాళ్లు ఒకటో రెండో వాడతారు, మిగతా పని బొటనవేలు చూసుకుంటుంది. దీనికి ఆరూ పెట్టారు. అవి చాలవని అయస్కాంతపు బిళ్లలు రెండు అంటించారు, ఇవి మా కంపెనీవి కావు. వేలు ఆనే చోట రబ్బరు. ఎంత చక్కగా చేశారో. కానీ ఇంత బ్రేకు ఎవరికి కావాలి? బొటనవేలు అసలు నిలవని మనిషికి తప్ప."

యోలండా ఎల్‌రాయ్ చీటీల పెట్టె తెరిచింది. డబ్ చీటీలు ఒక కట్టగా రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. ముందువైపు ప్రతిదాని మీదా ఒకటే మాట, ఉప్పు, ఘోరం. వెనక్కి తిప్పింది. చీమల్లాంటి అక్షరాలు. రెండేళ్ల కిందటి చీటీ వెనక, బ్రేకు రెండు. ఆ తర్వాత కొన్నాళ్లకి మూడు. క్రిస్మస్‌కి నాలుగు. తర్వాత ఐదు. ఆరు. ఆరు, అయస్కాంతం ఒకటి. ఆరు, అయస్కాంతం రెండు, చెయ్యి ఎడమది కూడా.

ఆవిడకి ఆ అంచు దాకా పోసిన కాఫీ గుర్తొచ్చింది. ఆయన ఎందుకు ముట్టుకోలేదో ఇప్పుడు అర్థమైంది. రెండు చేతుల్తో పట్టుకునే సగం కప్పు గుర్తొచ్చింది. చేతులు వణుకుతాయని తెలిస్తే ఆయన పడవ ఎవరెక్కుతారు? పడవ చక్రం పట్టుకుంటే ఆ చేతులు ఇప్పటికీ నిలకడే, గాల్లోకి లేస్తేనే వస్తుంది తంటా. కానీ అంత వివరం ఎవడు వింటాడు? రీలు బాగోలేదంటే మాత్రం అందరూ వింటారు. ఆయన గేలం విసిరినప్పుడు దారం ఉండ చుట్టుకుంటే, కొత్తవాళ్లు నవ్వుకుని, రీలు కడగని ముసలాయన అనుకుంటారు. అంతే అనుకుంటారు.

"ఎల్‌రాయ్," అంది.

అప్పుడే తలుపు గంట మోగింది. డబ్ లోపలికొచ్చాడు, వెనకాల డాలస్ నుంచి వచ్చిన ఇద్దరు, కొత్త టోపీలతో, చేతుల్లో కాఫీ కప్పులతో.

"నా రీలు సిద్ధమేనా ఎల్‌రాయ్?" అన్నాడు డబ్. తర్వాత చిప్సు పొట్లం చూసి ఆగిపోయాడు. "ఉప్పు తింటున్నావేమిటి? ఇంకా ఎనిమిదిన్నరేగా."

బ్రాడీ చెడ్డవాడేం కాదు. మంచి కబురు చెప్పాలన్న ఉత్సాహం ఉన్నవాడు. "కెప్టెన్‌గారూ, మీ రీలుకి ఏ జబ్బూ లేదండీ. ఉప్పూ లేదు, ఏమీ లేదు. ఇంక లోపం ఉంటే అది..."

డాలస్ వాళ్లిద్దరూ బ్రాడీ వైపు తిరిగారు. డబ్ చేతులు రెండూ మెల్లగా జేబుల్లోకి వెళ్లాయి. ఎల్‌రాయ్ రీలు కోసం చెయ్యి చాపాడు, సగంలో ఆపేశాడు. నోటి చుట్టూ చిప్సు పొడి. సూది ఒకపక్క సున్నా చూపిస్తుంటే, పొట్లం ఖాళీ చేసిన నాలుక ఉప్పంటే ఎవరు నమ్ముతారు? తొమ్మిదేళ్లు కాపాడుకున్న పనిముట్టుని ఇవాళే పాడుచేసుకున్నాడు.

యోలండా రీలు లాక్కుంది.

ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుంది. రీలు చెవి దగ్గర పెట్టుకుని పిడి ఒక చుట్టు తిప్పింది. నాలుక చాపింది. పాదం కింద ఒకసారి. పిడి మొదట్లో ఒకసారి. మర దగ్గర ఒకసారి. డాలస్ వాళ్లలో ఒకడి కాఫీ చొక్కా మీద పడింది.

ఆవిడ కళ్లు మూసుకుంది.

"ఉప్పు," అంది. "ఘోరం."

"అమ్మా, నా సూది..." అన్నాడు బ్రాడీ.

"నీ సూదిని తీసుకెళ్లి హ్యూస్టన్‌లో చూపించు. ఏమండీ కెప్టెన్, ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు? నలభై రెండేళ్లు సముద్రం మీద బతికారు, రీలు కడగడం రాదా? ఇలా ఉంటే దారం ఉండ చుట్టుకోక ఏంచేస్తుంది? ఆ తప్పెవరిదండీ? మీది. మీ కడుగుడుది. ఈ బాబులిద్దరూ పాపం ఇంత దూరంనుంచి వచ్చారు, గేలం మీరు విసరకండి, వాళ్లచేత విసిరించండి, మీరు చేపలు చూపించండి చాలు."

బ్రాడీ ఆవిడ మొహం చూశాడు. విప్పిన రీలు చూశాడు. జేబుల్లోకి పోయిన చేతులు చూశాడు. ఆ కుర్రాడికి తెలివి ఉంది. సూదిని వెలుగులోకి ఎత్తి పట్టుకుని ఊపి, "బ్యాటరీ అయిపోయినట్టుందండీ," అన్నాడు. "కొత్త పరికరాలతో ఇదే తలనొప్పి." అని పక్కమూత బిగించి, రీలు తుడిచి రెండు చేతుల్తో డబ్‌కి అందించాడు.

"మా ఊళ్లో ఇంతే," అన్నాడు డబ్ డాలస్ వాళ్లతో. "మగాళ్లు తిట్టేది చాలక ఆడవాళ్లు కూడా." వాళ్లు నవ్వారు. ఆయనా నవ్వాడు.

యోలండా కాఫీ పోసింది. సగం కప్పు. "రీలు కడగనివాళ్లకి సగమే," అంది. డబ్ ఆ కప్పు వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు, మామూలు కంటే కాస్త ఎక్కువసేపే చూశాడు.

"ఇది చాలమ్మా," అన్నాడు. రెండు చేతుల్తో పట్టుకుని తాగాడు. పడవ దగ్గరికి బయల్దేరాడు.

బ్రాడీ పరికరాలు సర్దుకుంటూ, "మరి మా బల్ల సంగతి..." అన్నాడు.

"ఒక్క వారం ఆగు నాయనా," అంది యోలండా.

అతను ఎల్‌రాయ్ బల్ల కాళ్లకి పట్టిన తొమ్మిదేళ్ల తుప్పు చూసి, ఆ కొట్లో వారమంటే ఎంతో లెక్కేసుకుని, రెండు తమాలేలు కొనుక్కుని వెళ్లిపోయాడు.

ఎల్‌రాయ్ చిప్సు పొట్లం మడిచి చెత్తబుట్టలో వేశాడు. తర్వాత పక్కకి తిరిగి అడిగాడు, "రుచి ఎలా ఉంది?"

"గిన్నెలు తోమే సబ్బు," అంది యోలండా మొహం చిట్లించి.

"చూశావా?" అన్నాడు ఎల్‌రాయ్, ఒక్కసారిగా పాత ఎల్‌రాయ్ అయిపోయి. "ముందు మర బిగిస్తాడు. సబ్బునీళ్లు తుంపరగా చల్లుతాడు. విదిలిస్తాడు. మెత్తటి గుడ్డతో తుడుస్తాడు. రాత్రికి వదులు చేస్తాడు. పెట్టె మీద రాసినదాన్ని నమ్మడు, గట్టి ధార పెట్టడు. ఈ తీరం మొత్తమ్మీద రీలు కడగడం తెలిసిన మనిషి ఒక్కడే ఒక్కడు. వారం వారం నేను నోరు నొప్పెట్టేలా తిట్టాల్సింది ఆ ఒక్కణ్నే. ఆ పళ్ల డాక్టర్నేమో ఒకేసారి తిట్టి వదిలేశాను. ఇంతకంటే అన్యాయం ఎక్కడైనా ఉందా చెప్పు."

"లేదు," అంది యోలండా. ఆవిడకి నిజంగానే అన్యాయంగా తోచింది. చీటీ తీసుకుని ముందువైపు తేదీ వేసి, ఉప్పు, ఘోరం, అని రాసింది. వెనక్కి తిప్పి, "ఇక్కడేం రాయమంటావు?" అంది.

"వచ్చే గురువారం చూద్దాం. మూడో అయస్కాంతం పెట్టాలేమో. చిన్నక్షరాలతో రాయాలి సుమా."

"నాకు తెలుసులే," అంది ఆవిడ. నాలుక మీద ఇంకా సబ్బు వదల్లేదు. చెయ్యి చాపింది. "ఆ చప్పిడి బిస్కెట్టు ఒకటి ఇటివ్వు."

ఆ రోజు గాజు పెట్టెలోని తమాలేలు సాయంత్రం ఐదు గంటలు దాటి ఒక నిమిషం అయ్యేదాకా ఇద్దరూ ముట్టుకోలేదు.